ఎనిమిది టీబీ పెడితే మూడున్నరే చూపించే పెట్టె

నాలుగు టీబీ హార్డ్ డిస్కులు రెండు కొని, ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే చిన్న పెట్టెలో బిగించి, కరెంటు ఇచ్చి, కంప్యూటర్లో తెరిచి చూస్తే ఉన్న జాగా 3.6 టీబీ అని కనిపిస్తుంది. డబ్బు ఎనిమిదింటికి కట్టాం. సగానికి పైగా ఏమైపోయింది? డిస్కు నకిలీదేమో, దుకాణంలో మోసం జరిగిందేమో అన్న అనుమానం రావడం సహజం.

ఇందులో రెండు వేర్వేరు లెక్కలు కలిసిపోయాయి. మొదటిది చిన్నది, దానివల్ల నష్టమేమీ లేదు. డిస్కు తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్క వేస్తారు. వెయ్యి బైట్లు ఒక కిలోబైట్, వెయ్యి కిలోబైట్లు ఒక మెగాబైట్, అలా పైకి. ఆ లెక్కన నాలుగు టీబీ అంటే నాలుగు లక్షల కోట్ల బైట్లు. విండోస్ 1024 చొప్పున లెక్క వేస్తుంది. ఒక్కో మెట్టు దగ్గరా కొంచెం తేడా వచ్చి, నాలుగు మెట్లు ఎక్కేసరికి నాలుగు కాస్తా 3.64 అవుతుంది. ఒక్క బైటు కూడా ఎక్కడికీ పోలేదు. ఆపిల్ కంప్యూటర్లు 2009 నుంచి వెయ్యి చొప్పునే లెక్క వేస్తున్నాయి కాబట్టి అదే డిస్కును అవి నాలుగనే చూపిస్తాయి.

అసలు సంగతి రెండో లెక్కలో ఉంది. పెట్టె రెండో డిస్కును జాగా కింద లెక్కించనే లేదు. మొదటి డిస్కు చచ్చిపోయే రోజు కోసం దాన్ని అట్టే పెట్టింది.

నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్, పొట్టిగా నాస్ అనే ఈ పెట్టెను చాలామంది జాగా కోసమే కొంటారు. ఫోన్లు నిండిపోతున్నాయి. 2021 జూన్ 1తో గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేనంత ఉచిత నిల్వకు తెరపడింది. అప్పటి నుంచి మెయిలు, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీలో సర్దుకోవాలి, లేదంటే డబ్బు కట్టాలి. ఫోర్‌కేలో తీయించిన పెళ్లి వీడియో ఒక్కటే వందల జీబీ ఉంటుంది. అయితే జాగా ఒక్కటే కావాలనుకుంటే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ చాలు, అది చవక కూడా. నాస్ మీద అదనంగా పెట్టే ఖర్చంతా డిస్కు పోయినా ఫైళ్లు బతకడం కోసం. కాకపోతే ఫైళ్లు పోయే దారులు చాలా ఉన్నాయి. పెట్టెలోని ఒక్కో ఏర్పాటు ఒక్కో దారిని మాత్రమే మూస్తుంది. ఏది దేన్ని మూస్తుందో తెలియకుండా కొన్నవాళ్లు అన్ని దారులూ మూసేశామనుకుని నిశ్చింతగా ఉంటారు. ప్రమాదం అక్కడే ఉంది.

## తెర లేని కంప్యూటర్

మూత తీస్తే లోపల ఉండేది మామూలు కంప్యూటరే. ప్రాసెసర్, కొంత ర్యామ్, డిస్కులు పట్టే అరలు, వెనక ఒక ఫ్యాను, లాన్ కేబుల్ గుచ్చే చోటు. తెర, కీబోర్డు ఉండవు. లోపల నడిచేది చాలావరకు లినక్స్. సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీలు ఈ పెట్టెలను సిద్ధంగా అమ్ముతాయి. ఓపిక ఉన్నవాళ్లు పాత డెస్క్‌టాప్‌లో ట్రూనాస్ గానీ, రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్లో ఓపెన్‌మీడియావాల్ట్ గానీ అనే ప్రోగ్రాం వేసుకుని సొంతంగా తయారుచేసుకుంటారు. ఏదైనా పనిచేసే తీరు ఒకటే.

అమర్చడం పెద్ద పనేమీ కాదు. డిస్కులు బిగించాలి, రౌటర్‌కు కేబుల్ కలపాలి, ఇంట్లో ఏదో ఒక ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి పెట్టె అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవ్వాలి. అప్పుడే చేయాల్సిన పనులు రెండున్నాయి. ఇంట్లో ఒక్కొక్కరికీ విడిగా ఖాతా తెరవాలి. అందరూ అడ్మిన్ ఖాతాతోనే తిరిగితే ఎవరి చేతిలో ఏం చెరిగినా పెట్టె అడ్డు చెప్పదు. రౌటర్‌లో ఈ పెట్టెకు మారని అడ్రసు ఒకటి కేటాయించాలి. లేకపోతే రౌటర్ ఆగి లేచినప్పుడు అడ్రసు మారిపోవచ్చు, నిన్నటిదాకా కనిపించిన ఫోల్డర్ ఇవాళ లేదని ఇంట్లో గొడవ మొదలవుతుంది.

పక్క గదిలో ఉన్న డిస్కులోని ఫోల్డర్ మన ల్యాప్‌టాప్‌లో సొంత ఫోల్డర్‌లా ఎలా కనిపిస్తుంది? రెండు కంప్యూటర్లకూ తెలిసిన ఒక సంభాషణ పద్ధతి ఉంది. 'ఈ ఫోల్డర్‌లో ఏమున్నాయో జాబితా ఇవ్వు', 'ఆ ఫైలులో ఫలానా చోటి నుంచి ఇంత ముక్క పంపు', 'దీన్ని నేను మారుస్తున్నాను, ఇంకెవరినీ ముట్టనివ్వకు' — ఇలాంటి అడగడాలూ ఇవ్వడాలూ సెకనుకు వందల్లో నడుస్తుంటాయి. విండోస్ ప్రపంచంలో ఈ పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర్లో, 1992 మొదట్లో ఒక సర్వర్‌కూ దాన్ని వాడే కంప్యూటర్లకూ మధ్య తీగలో వెళ్తున్న సమాచారాన్ని గమనించి, వాటి మాటల తీరు పట్టుకుని, అదే తీరులో బదులిచ్చే ప్రోగ్రాం రాశాడు. అదే తర్వాత సాంబాగా పెరిగింది. ఈనాడు ఇళ్లలోని నాస్ పెట్టెల్లో ఎక్కువ భాగం సాంబాతోనే విండోస్‌కూ, మ్యాక్‌కూ, ఫోన్‌కూ జవాబిస్తున్నాయి. ఈ సంభాషణంతా ఇంటి రౌటర్ లోపలే సాగుతుంది. ఫైబర్ తెగి ఇంటర్నెట్ పోయినా హాల్లో టీవీ మీద పెళ్లి వీడియో ఆడుతూనే ఉంటుంది.

వేగం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గిగాబిట్ లాన్ అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 125 మెగాబైట్లు. దారిలో తరుగు పోగా చేతికి వచ్చేది 110 దాకా. ఈ కాలపు పెద్ద హార్డ్ డిస్క్ వరుసగా చదివేటప్పుడు అంతకంటే వేగంగా ఇవ్వగలదు. అంటే ఇరుకు డిస్కు దగ్గర లేదు, తీగ దగ్గర ఉంది. అందులోనూ ఒక చిక్కుంది. లాన్ కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, వంద మెగాబిట్లకు రెండు జతలు చాలు. గోడ మూలలో నలిగి ఒక్క తీగ తెగిన పాత కేబుల్ చాలాసార్లు పని మానేయదు. చడీచప్పుడూ లేకుండా వంద మెగాబిట్లకు దిగిపోతుంది. 500 జీబీ ఫొటోలూ వీడియోలూ ఎక్కించడానికి గంటంపావు పట్టాల్సింది పన్నెండు గంటలు పడుతుంది. పెట్టె నెమ్మదిగా ఉందని తిట్టుకునే ముందు కేబుల్ మార్చి చూడటం మంచిది.

## డిస్కు ఎందుకు చస్తుంది

హార్డ్ డిస్క్‌లో గాజు లేదా అల్యూమినియం పళ్లేలు నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతాయి. రెండోదైతే సెకనుకు 120 చుట్లు. పళ్లెం మీది అయస్కాంత గుర్తులను చదివే హెడ్ ఆ ఉపరితలాన్ని తాకదు. తిరుగుడుకు పుట్టే పలుచటి గాలి పొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. ఇంత సన్నటి ఎడంతో ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు పనిచేసే యంత్రం ఇంట్లో ఇంకొకటి లేదు. అది ఆగిపోవడం కంటే అన్నాళ్లు నడవడమే విచిత్రం.

లక్షల కొద్దీ డిస్కులు నడిపే అమెరికా కంపెనీ బ్యాక్‌బ్లేజ్ తన డిస్కుల చావుల లెక్కను 2013 నుంచి బయటపెడుతోంది. స్థూలంగా చెప్పాలంటే ఏడాదికి వందలో ఒకటీ రెండూ పోతాయి. చిన్న సంఖ్యే కదా అనిపిస్తుంది. ఏడాదికి ఒకటిన్నర శాతం అనుకుని అయిదేళ్లకు లెక్క కడితే ఒక డిస్కు పోయే అవకాశం ఏడు శాతం దాటుతుంది. ఆ డిస్కులో పిల్లల చిన్నప్పటి ఫొటోలున్నాయంటే ఏడు శాతం చిన్నదేమీ కాదు.

ముందుగా హెచ్చరిక రాదా? డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే నమోదు చేసుకుంటాయి, నాస్ దాన్ని చదివి మెయిలు పంపుతుంది. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. పళ్లెం మీద చదవలేని చోటు మొదటిసారి బయటపడిన డిస్కు, తర్వాతి అరవై రోజుల్లో చచ్చే అవకాశం మిగతా వాటికంటే 39 రెట్లు. కాబట్టి హెచ్చరిక వస్తే వెంటనే డిస్కు మార్చాలి. కానీ అదే అధ్యయనంలో, పోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఏ ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయి. డిస్కు మౌనంగా ఉందంటే బాగుందని అర్థం కాదు.

వేడి గురించి కూడా ఆ అధ్యయనం కొంత ధైర్యం చెప్పింది: అందరూ అనుకున్నంత చెడుపు వేడి చేయడం లేదని. అలాగని రెంటచింతల ఎండల్లో, తలుపులు మూసిన బీరువాలో పెట్టెను దాచమని కాదు. నాస్ కోసం చేసిన డిస్కులకు తయారీదారులు పెట్టే హద్దు 60, 65 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో గదే 42 డిగ్రీలుంటే, గాలి ఆడని మూలలో ఆ హద్దు ఎంతో దూరంలో లేదు. దుమ్ము పట్టిన ఫ్యాను దాన్ని ఇంకా దగ్గర చేస్తుంది.

## రెండో డిస్కు చేసే పని

ఒక డిస్కు చావును తట్టుకునే ఉపాయానికి పేరు రెయిడ్. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ 1988లో దాన్ని ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించారు. ఆనాడు పెద్ద కంప్యూటర్లకు వాడే డిస్కులు భారీగా, విపరీతమైన ధరల్లో ఉండేవి. పర్సనల్ కంప్యూటర్ల కోసం వచ్చిన చిన్న డిస్కులు చవక. చవక డిస్కులు పదుల కొద్దీ కలిపి ఒక పెద్ద డిస్కులా వాడితే? వేగం పెరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ వంద డిస్కులుంటే వాటిలో ఏదో ఒకటి పోయే సందర్భాలు కూడా వంద రెట్లవుతాయి. ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయేటట్టయితే ఆ కలపడం ఎందుకూ పనికిరాదు. అందుకని వాళ్లు కొంత అదనపు సమాచారాన్ని డిస్కుల్లో దాచిపెట్టే పద్ధతులు చూపించారు.

అన్నిటికంటే సులువైనది అద్దం పద్ధతి. రాసే ప్రతి ముక్కా రెండు డిస్కుల మీదా పడుతుంది. ఒకటి చస్తే రెండోది పని నడిపిస్తుంది. చచ్చినదాన్ని తీసి కొత్తది పెడితే పెట్టె దాని మీదికి అంతా మళ్లీ రాసుకుంటుంది. మన 3.6 టీబీ వెనకున్న కథ ఇదే. మూడు లేక అంతకంటే ఎక్కువ డిస్కులుంటే సగం జాగా వదులుకోనవసరం లేని ఇంకో దారి ఉంది.

బాక్సు: పోయిన అంకెను రాబట్టడం

మూడు డిస్కులున్నాయి. మొదటి దాంట్లో 7 రాశాం, రెండో దాంట్లో 5 రాశాం. మూడో దాంట్లో వాటి మొత్తం 12 రాశాం. మొదటి డిస్కు చచ్చింది. 12లోంచి 5 తీసేస్తే 7 తిరిగి వచ్చింది. రెండోది చచ్చినా అంతే. మూడోది చస్తే మళ్లీ కూడితే సరి.

నిజంగా జరిగేది ఇంతకంటే సులువు. డిస్కులో ఉండేవి సున్నలూ ఒకట్లే. మిగతా డిస్కుల్లో ఒకే స్థానంలో ఉన్న ఒకట్లను లెక్కపెట్టి, అవి సరి సంఖ్య అయితే చివరి డిస్కులో 0, బేసి అయితే 1 రాస్తారు. అప్పుడు అన్ని డిస్కులూ కలిపితే ఆ స్థానంలో ఒకట్లు ఎప్పుడూ సరి సంఖ్యలోనే ఉంటాయి. ఏ డిస్కు పోయినా, మిగిలిన వాటిలోని ఒకట్లను లెక్కపెట్టి, సరి కావడానికి ఏది కావాలో చూస్తే పోయిన బిట్ తెలిసిపోతుంది. నాలుగు టీబీ డిస్కులు నాలుగుంటే మూడింటి జాగా వాడుకోవచ్చు. ఒకేసారి రెండు పోతే మాత్రం ఈ లెక్క తేలదు.

ఆ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. ఒక డిస్కు పోయాక కొత్తదాన్ని నింపడానికి మిగిలినవాటిని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. నాలుగు టీబీని సెకనుకు 180 మెగాబైట్ల చొప్పున చదివినా ఆరు గంటలు పైనే. మధ్యలో ఇంట్లోవాళ్లు వాడుతుంటే ఇంకా సాగుతుంది. ఆ గంటలన్నీ మిగిలిన డిస్కుల మీద బరువు పడే గంటలు. పైగా అవి సాధారణంగా అదే రోజు, అదే దుకాణంలో కొన్నవి, ఒకే విడతలో తయారైనవి. ఒకదానికి ఉన్న లోపం తోడుదానికీ ఉండొచ్చు. రెండు డిస్కులూ ఒకే చోట కొనకపోవడం అందుకే మంచిది. ఇంటికి నా సలహా అడిగితే రెండు పెద్ద డిస్కులూ, అద్దం పద్ధతీ చాలు. నాలుగు అరల పెట్టెలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, చిక్కు వచ్చిన రాత్రి మనం విప్పగలిగేది అద్దాన్ని మాత్రమే.

డిస్కు కొనేటప్పుడు ఇంకో విషయం చూడాలి. పళ్లెం మీద గుర్తులు వలయాలుగా రాస్తారు. ఎక్కువ సమాచారం పట్టించడానికి కొన్ని డిస్కుల్లో ఒక వలయం అంచు మీదికి పక్క వలయాన్ని కొంచెం ఎక్కించి రాస్తారు. చదవడానికి ఇబ్బంది లేదు. కానీ మధ్యలో ఒక వలయాన్ని మార్చాలంటే దాని పక్కనున్నవన్నీ తిరగరాయాలి. కొత్త డిస్కును ఏకబిగిన నింపే రోజున ఇవి నత్తనడక నడుస్తాయి, పెట్టె వాటిని చచ్చినవిగా భావించి బయటికి నెట్టేయవచ్చు కూడా. వెస్టర్న్ డిజిటల్ నాస్ కోసమని అమ్మిన రెడ్ డిస్కుల్లో కొన్ని ఈ రకానివని, ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పలేదని 2020లో పెద్ద దుమారం లేచింది. తర్వాత కంపెనీలు ఏ డిస్కు ఏ రకమో ప్రకటించడం మొదలుపెట్టాయి. ఇలా ఎక్కించి రాసేవి ఎస్‌ఎంఆర్, విడివిడిగా రాసేవి సీఎంఆర్. నాస్‌కు సీఎంఆర్ కొనాలి.

## అద్దం చేయలేని పనులు

అద్దానికి మంచీ చెడూ తెలియవు. ఒక ఫోల్డర్‌ను పొరపాటున చెరిపేస్తే అది రెండు డిస్కుల మీదా అదే క్షణంలో చెరిగిపోతుంది. ల్యాప్‌టాప్‌లోకి చొరబడ్డ రాన్సమ్‌వేర్, అంటే డబ్బు గుంజే దొంగ ప్రోగ్రాం, నాస్‌లోని ఫైళ్లకు తాళాలు వేస్తే, ఆ తాళాలకు కూడా రెండు ప్రతులుంటాయి. డిస్కు చావు అనే ఒక్క దారిని మాత్రమే అద్దం మూసింది.

అంతకంటే గుట్టుగా వచ్చే నష్టం ఇంకోటుంది. డిస్కు చావకుండానే, తప్పు జరిగిందని చెప్పకుండానే ఒకటి రెండు బిట్లు తప్పుగా చదివి ఇవ్వవచ్చు. ఫొటోలో ఒక మూల బూడిద రంగు పట్టీ వస్తుంది. ఆ ఫొటో ఎవరూ తెరవకపోతే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. అద్దంలో రెండు ప్రతులున్నాయి కదా అంటే, రెండూ వేర్వేరుగా ఉన్నప్పుడు ఏది నిజమో చెప్పేవాళ్లు లేరు.

సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీర్లు 2001లో మొదలుపెట్టి 2005లో బయటికి వదిలిన జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చి చూసుకునే ప్రోగ్రాం, ఈ చిక్కును పట్టించుకుంది. ప్రతి ముక్క రాసేటప్పుడు ఆ ముక్కలోని బిట్లన్నిటి నుంచి ఒక చిన్న సంఖ్య లెక్క కట్టి, వేరే చోట దాస్తుంది. ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య కుదరదు. చదివేటప్పుడు మళ్లీ లెక్క కట్టి పోల్చి చూస్తుంది. తేడా వస్తే రెండో డిస్కులోని ప్రతిని తీసి, దాని సంఖ్య కుదిరితే దాన్నే మనకు ఇచ్చి, చెడిన ప్రతిని సరిచేస్తుంది. 2007లో మొదలైన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కూడా ఇదే పని చేస్తుంది. నెలకోసారి డిస్కంతా చదివి సరిచూడమని పెట్టెకు చెప్పవచ్చు, దాన్ని స్క్రబ్ అంటారు. చాలా పెట్టెల్లో అది మనం ఆన్ చేస్తేనే నడుస్తుంది.

ఈ రెండు ఫైల్ వ్యవస్థలూ ఇంకో అలవాటు పాటిస్తాయి, ఇంట్లో దానివల్ల కలిగే మేలు ఇంకా పెద్దది. ఒక ఫైలును మార్చినప్పుడు పాత అక్షరాల మీద కొత్తవి రాయవు. కొత్త ముక్కను ఖాళీ చోట రాసి, ఆ రాయడం పూర్తయ్యాకే 'ఫైలు ఇక్కడుంది' అని చూపే గుర్తును అటు తిప్పుతాయి. పాత ముక్క ఎక్కడిదక్కడే ఉంటుంది. మామూలుగా అయితే ఆ చోటును ఖాళీగా లెక్కించి తర్వాత వాడేసుకుంటాయి. 'ఈ రాత్రి పన్నెండింటికి ఉన్నది ఉన్నట్టు గుర్తుంచుకో' అని ఆజ్ఞ ఇస్తే మాత్రం ఆ గుర్తులన్నిటినీ ఒక జాబితాగా ఉంచుకుని, అవి చూపే ముక్కల్ని ముట్టుకోవు. దీన్నే స్నాప్‌షాట్ అంటారు. ఫైళ్లను నకలు తీయడం లేదు కాబట్టి ఇది క్షణంలో అయిపోతుంది. ఆ తర్వాత మారినవీ చెరిగినవీ మాత్రమే అదనపు జాగా తింటాయి. ఫొటోలు సాధారణంగా మారవు గనక ముప్పై రోజుల స్నాప్‌షాట్లు ఉంచుకున్నా ఇంట్లో పెద్దగా ఖర్చు తెలియదు.

మంగళవారం ఎవరో చెరిపేసిన ఫోల్డర్‌ను సోమవారం రాత్రి స్నాప్‌షాట్ తెరిచి తెచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో చేరిన రాన్సమ్‌వేర్ తాళాలు వేసినా, తాళాల ముందటి రోజు అక్కడ భద్రంగా ఉంటుంది. అయితే దాడి చేసినవాడు పెట్టె అడ్మిన్ పాస్‌వర్డ్ పట్టుకుంటే ముందు స్నాప్‌షాట్లనే చెరుపుతాడు. మొదట్లో చెప్పిన విడి ఖాతాల అవసరం ఇక్కడ తెలుస్తుంది.

## కరెంటు పోయిన క్షణం

కరెంటు ఠక్కున పోయినప్పుడు డిస్కు హెడ్ పళ్లెం మీద పడి గీసుకుపోతుందని భయపడనక్కర్లేదు. తిరుగుతున్న పళ్లేల వేగంతో మోటారే జనరేటర్‌గా మారి, హెడ్‌ను పక్కకు తీసుకెళ్లి నిలిపేంత కరెంటు ఇస్తుంది. నష్టం ఇంకో చోట జరుగుతుంది. రాయమన్న సమాచారంలో కొంత ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది, ఆ క్షణంతో అది ఆవిరి. అద్దంలో ఒక డిస్కు మీద రాత పూర్తై రెండోదాని మీద సగంలో ఆగి ఉండవచ్చు. పాతదాని మీద రాయని ఫైల్ వ్యవస్థలు ఇక్కడా ఒడ్డున పడతాయి: గుర్తు ఇంకా తిప్పలేదు కాబట్టి పాత ఫైలు నిక్షేపంగా ఉంటుంది, సగం రాసిన కొత్త ముక్క చెత్త కింద పోతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటే, దాని మీట ఏ మోడ్‌లో ఉందో చూడాలి. కంప్యూటర్ పవర్ సప్లై కరెంటు లేకుండా మామూలుగా పదిహేను ఇరవై మిల్లీసెకన్లు నిలబడుతుంది. ఫ్యాన్లూ లైట్ల కోసం పెట్టిన మోడ్‌లో ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యంగా అందుకోవచ్చు. యూపీఎస్ మోడ్ త్వరగా అందుకుంటుంది. అయినా చిన్న యూపీఎస్ విడిగా కొనడానికి ఒక మంచి కారణం ఉంది. దాని యూఎస్‌బీ తీగ నాస్‌కు తగిలిస్తే, బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు యూపీఎస్ చెప్పగానే నాస్ పద్ధతిగా అన్నీ రాసుకుని తనంతట తానే ఆగిపోతుంది. ఇన్వర్టర్ అయిపోయేటప్పుడు పెట్టెకు ఎవరూ చెప్పరు.

కరెంటు బిల్లు గురించి భయం అక్కర్లేదు. రెండు డిస్కుల పెట్టె 20 వాట్లు తింటుందనుకుంటే రోజుకు అర యూనిట్, నెలకు పద్నాలుగున్నర యూనిట్లు.

## డాలస్ నుంచి విజయవాడ ఇంటికి

తెలుగు ఇళ్లలో నాస్ కొన్న వారంలో వచ్చే ప్రశ్న ఇది: డాలస్‌లో ఉన్న అబ్బాయికి కనిపించేలా చేయగలమా? ఒకప్పుడు రౌటర్‌లో ఒక తలుపు తెరిచి పెడితే సరిపోయేది. ఇప్పుడు చాలా ఇళ్లకు ఆ దారి పనిచేయదు. పాత ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతిలో ఉండగలిగేవే దాదాపు 430 కోట్లు. ఆసియా-పసిఫిక్‌కు అడ్రసులు పంచే ఏపీనిక్ దగ్గర మామూలు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుకని ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు వందల ఇళ్లను ఒకే అడ్రసు వెనక కూర్చోబెడుతున్నాయి.

పెద్ద గేటెడ్ కమ్యూనిటీని ఊహించండి. బయటి ప్రపంచానికి మొత్తం కమ్యూనిటీకి ఒకే అడ్రసు. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం పెట్టుకుని, ఏ ఫ్లాటు వాళ్లు బయట ఏం తెప్పించుకున్నారో రాసుకుంటాడు. ఆ సరుకు వస్తే ఆ ఫ్లాటుకే పంపుతాడు. ఎవరూ పిలవకుండా వచ్చి 'ఫలానా వాళ్లింటికి' అన్నవాణ్ని, పుస్తకంలో పేరు లేదని వెనక్కి పంపేస్తాడు. మన ఫ్లాటు తలుపు, అంటే ఇంటి రౌటర్, మనం తెరవగలం. గేటు మన చేతిలో లేదు.

దీనికి పరిష్కారం కూడా వాచ్‌మన్ నియమంలోనే ఉంది. నాస్ తానే లోపలి నుంచి బయటికి వెళ్లి మధ్యలో ఉన్న ఒక సర్వర్‌ను పలకరిస్తుంది, డాలస్‌లోని ఫోను కూడా అదే చేస్తుంది. సర్వర్ ఇద్దరికీ ఒకరి జాడ ఒకరికి చెబుతుంది. ఇద్దరూ ఒకేసారి లోపలి నుంచి తలుపు తట్టడంతో రెండు గేట్ల దగ్గరా 'వీళ్లు పిలిచినవాళ్లే' అని నమోదై దారి పడుతుంది. ఆ తర్వాత సమాచారం నేరుగా, రహస్య లిపిలో నడుస్తుంది. టెయిల్‌స్కేల్ లాంటి సేవలు వైర్‌గార్డ్ అనే పద్ధతి మీద ఈ పనే చేస్తాయి. నేరుగా కుదరనప్పుడు మధ్య సర్వర్ మీదుగా పంపుతాయి, అప్పుడు వేగం పడిపోతుంది.

గేటు తమ చేతిలోనే ఉన్నవాళ్లు, అంటే సొంత అడ్రసు ఉన్నవాళ్లు, తలుపు బార్లా తెరవడం మాత్రం మంచిది కాదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కు నేరుగా కనిపిస్తున్న క్యూనాప్ పెట్టెలను పట్టుకుని ఫైళ్లకు తాళం వేసి, ఒక్కొక్కరినీ 0.03 బిట్‌కాయిన్ అడిగింది. అంతకు ముందు 2021 జూన్‌లో, ఏళ్ల కిందటే అప్‌డేట్లు ఆగిపోయిన మై బుక్ లైవ్ పెట్టెలు ప్రపంచమంతటా రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. దూరం నుంచి ఎవరో వాటిని కొత్తగా కొన్న రోజున్న స్థితికి తీసుకెళ్లారు. పెట్టె పాతబడి కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే, దాన్ని ఇంటర్నెట్ నుంచి తీసేసి ఇంటివరకే వాడుకోవాలి.

## ఇంటికి దూరంగా ఒక ప్రతి

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒకే పెట్టెలో, ఒకే గదిలో ఉన్నాయి. నిప్పు, వరద, దొంగ, పిడుగు ఈ రక్షణల్లో దేన్నీ లెక్కచేయవు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న కస్టమర్లకు రెండూ పోయాయి. కంపెనీ స్థాయి రక్షణ ఉన్నచోటే అలా అయితే మన హాల్లో టీవీ కింద ఉన్న పెట్టె సంగతి చెప్పనక్కర్లేదు.

బాక్సు: మూడు, రెండు, ఒకటి

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో డిజిటల్ ఫొటోలను దాచడం గురించి రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన సూత్రం ఇది: ప్రతులు మూడు, అవి రెండు రకాల వాటి మీద, అందులో ఒకటి వేరే చోట. ఇంటికి దీన్ని ఇలా కుదుర్చుకోవచ్చు. మొదటి ప్రతి ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో; రెండోది నాస్‌లో; మూడోది నెలకోసారి నకలు తీసి, తీగ పీకి, అక్కచెల్లెళ్ల ఇంట్లోనో అత్తగారి ఊళ్లోనో పెట్టే ఎక్స్‌టర్నల్ డిస్కులో. తీగ పీకడం ముఖ్యం; తగిలించి ఉన్న డిస్కును రాన్సమ్‌వేర్ కూడా చూడగలదు. ఫోన్‌లో జాగా కోసం ఫొటోలు చెరిపేస్తే ఆ రోజుతో మొదటి ప్రతి పోయినట్టే, మిగిలినవి రెండే అని గుర్తుంచుకోవాలి.

నకలు తీస్తున్నామనుకోవడం వేరు, అది తిరిగి వస్తుందని తెలియడం వేరు. నాలుగు నెలలకోసారి ఏదైనా పాత ఫోల్డర్ ఒకటి ఎంచుకుని, దూరంగా పెట్టిన డిస్కులోంచి తెరిచి చూడాలి. బ్యాకప్ ప్రోగ్రాం పచ్చటి టిక్కు పెట్టిందని వదిలేస్తే, డిస్కు నిండిపోయి ఆర్నెల్లుగా కొత్తవేవీ చేరడం లేదన్న సంగతి అవసరం పడ్డ రోజునే బయటపడుతుంది.

ఇక పెట్టె దొంగ చేతిలో పడితే ఫొటోలు బయటపడకుండా ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవచ్చు. అది గట్టిది, తాళం పోతే తయారుచేసిన కంపెనీ కూడా తెరవలేదు. చాలా ఇళ్లలో ఆ తాళం తెలిసిన మనిషి ఒక్కరే, పెట్టెను అమర్చినవాళ్లు. ఆ ఒక్కరూ ఆసుపత్రిలో ఉన్న రోజున ఇన్సూరెన్స్ కాగితాల స్కాన్లు అదే పెట్టెలో, ఎవరూ తెరవలేని చోట ఉంటాయి. అందుకని పెట్టె ఇచ్చే రికవరీ తాళాన్ని కాగితం మీద అచ్చు వేసి, అడ్మిన్ పాస్‌వర్డ్, పెట్టె అడ్రసు, బ్యాకప్ డిస్కు ఎవరింట్లో ఉందో రాసి, బ్యాంకు లాకర్లో పెట్టాలి. ఇంట్లో ఇంకొకరిని పెట్టె ముందు కూర్చోబెట్టి ఆ కాగితం సాయంతో ఒక ఫైలు తెరిపించాలి. మీరు పక్కన మాట సాయం చేయకుండా వాళ్లు తెరవగలిగితే అమర్చడం పూర్తయినట్టు లెక్క.